వార్షిక నివేదిక: వేట నిషేధం రోజుల్లో మన పిల్లలు తీసిన లఘుచిత్రం

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పనుల్లో కొన్ని ఎప్పటిలాగే సాగాయి. రథసప్తమికి అరసవల్లి వచ్చిన భక్తులకు మజ్జిగ, పులిహోర పంచాం. వేసవి అంతా చలివేంద్రం నడిచింది. గ్రంథాలయం గది పైకప్పు మరమ్మతు పూర్తయింది, ఈ వానాకాలంలో ఒక్క పుస్తకమూ తడవలేదు. వీటి జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. సభ్యులు దారిలో ఆపి మరీ నన్ను అడుగుతున్నది పిల్లల లఘుచిత్రం గురించి. సంఘం మొదటిసారి తలపెట్టిన పని అది. డబ్బు మీది, తీసింది మీ పిల్లలు. అందుకే మిగిలిన నివేదికంతా దాని గురించే.

ఇంటర్, డిగ్రీ చదువుతున్న మన వీధుల పిల్లలు పదకొండు మంది ఒక కథ రాసుకుని వచ్చారు. సాయంత్రం వేళ తండ్రి పడవ ఎక్కి వేటకు వెళతాడు. సూర్యుడు సముద్రంలో మునుగుతాడు. కూతురు ఒడ్డున నిలబడి చూస్తూ ఉంటుంది. కథ కార్యవర్గంలో అందరికీ నచ్చింది. పరీక్షలు అయిపోగానే మే నెలలో కళింగపట్నం దగ్గరి ఒక మత్స్యకార గ్రామంలో, నాలుగు రోజుల్లో తీయాలని నిర్ణయించాం. అద్దె కెమెరా ఒకటి, ఫోన్లు రెండు, ముఖాల మీదికి వెలుగు మళ్లించడానికి థర్మాకోల్ షీట్లు నాలుగు. సర్పంచికి, పోలీసు స్టేషన్‌కు ముందే ఉత్తరాలు ఇచ్చాం. అనుమతుల విషయంలో ఎక్కడా ఇబ్బంది రాలేదు.

తీరా వెళ్లి చూస్తే పడవలన్నీ ఒడ్డు మీదికి లాగి, తాటాకులు కప్పి ఉన్నాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా పేపర్లో చదువుతూనే ఉంటాం. అయినా కథ చదివిన పెద్దవాళ్లలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. ఆ పొరపాటు కార్యవర్గానిది, పిల్లలది కాదు. ఆ మాట నివేదికలో ఉండాలనే రాస్తున్నాను.

ఇంకో సంగతి గ్రామపెద్ద చెప్పారు. కథ మొత్తం ఓపికగా విని, "మన ఒడ్డున పొద్దు సముద్రంలో ఎక్కడ గుంకుతుంది బాబూ?" అని అడిగారు. నిజమే. మన దగ్గర సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఊళ్ల వెనక, తాటిచెట్ల వెనక దిగిపోతాడు. పడమటి తీరంలో తీసిన సినిమాలు చూసి చూసి, పుట్టినప్పటి నుంచి ఎరిగిన ఒడ్డునే పిల్లలు తిరగేసి రాసుకున్నారు. సూర్యోదయాన్ని తీసి ఎడిటింగ్‌లో వెనక్కి నడిపితే అస్తమయం అవుతుందని ఒక అబ్బాయి అన్నాడు. మర్నాడు ఫోనులో తీసి చూశారు. సూర్యుడు బాగానే దిగాడు. కానీ అలలు కూడా వెనక్కి నడిచాయి. ఇసుక మీద పరుచుకున్న నురుగంతా ముడుచుకుని సముద్రంలోకి పోయింది. ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు.

మొదటి రోజు రాత్రి పిల్లలు దిగాలుగా కూర్చుంటే, అన్నం వడ్డిస్తున్న ఇంటావిడ మాటల్లో మాటగా, "ఈ రెండు నెలలే కదమ్మా మా ఆయన ఇంటిపట్టున ఉండేది" అన్నారు. కథ రాసిన అమ్మాయి తింటున్న చెయ్యి ఆపి, ఆ మాట ఇంకోసారి చెప్పమంది. తెల్లవారేసరికి కొత్త కథ తయారైంది. పడవ ఒడ్డున ఉంది, తండ్రి వల బాగుచేస్తున్నాడు, వేట ఎప్పుడు మొదలవుతుందా అని ఊరంతా రోజులు లెక్కపెడుతోంది. ఆయన కూతురూ లెక్కపెడుతోంది, నాన్న ఇంట్లో ఇంకా ఎన్ని రోజులు ఉంటాడని. మొదటి కథ కంటే ఇది ఎంతో పైమెట్టు అని నా గట్టి నమ్మకం.

తండ్రి వేషానికి ఒప్పుకున్నాయనకు ఆఫీసులో సెలవు దొరకలేదు. ఆ ఇంటాయననే అడిగారు. ఉత్త చేతులతో కూర్చోబెట్టి మాట చెప్పమంటే ఆయన గొంతు బిగుసుకుపోయింది, చూపు కెమెరా మీదికే పోయింది. నాలుగు టేకులు పోయాక, ఒళ్లో వల ఉంటే చెబుతానని ఆయనే అన్నారు. కాలి బొటనవేలికి వల అంచు తగిలించి బిగలాగి, సూది పోనిస్తూ, తల ఎత్తకుండానే మాట చెప్పేశారు. మాటకూ మాటకూ మధ్య దారం పళ్లతో తెంపారు. ఆ విరామం ఏ స్క్రిప్టులోనూ లేదు. చిత్రంలో అందరికంటే బాగా చేసింది ఆయనే.

మేలో ఆ ఒడ్డున ఐదున్నర కాకముందే సూర్యోదయం. ఎనిమిది దాటితే ఇసుక కాలుతుంది, ఫోన్లు వేడెక్కి వాటంతటవే ఆగిపోతాయి. కాబట్టి నాలుగింటికే లేచి ఎనిమిది వరకు, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి పొద్దుపోయే దాకా తీశారు. మధ్యాహ్నం ఇంట్లో తీసినప్పుడు ట్యూబులైటు కింద తెర మీద నల్లటి చారలు జారాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ దీపం సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఎలక్ట్రికల్ చదువుతున్న కుర్రాడు కెమెరా షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని సెకనులో 50వ వంతుకు, అంటే సరిగ్గా రెండు మిణుకులకు సరిపోయేలా మార్చగానే చారలు మాయమయ్యాయి.

నీళ్లు మాత్రం ఎవరి మాటా వినలేదు. మొదటి రోజు ఆరింటికి తీసిన షాట్‌కు కొనసాగింపు మర్నాడు ఆరింటికే తీయబోతే నీటి అంచు వేరే చోట ఉంది. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని, అమావాస్యకు, పున్నమికి ఇంకా పైకి వస్తుందని ఊళ్లో పదేళ్ల పిల్లవాడికి కూడా తెలుసు. ఆ రోజు నుంచి షాట్ల వరుస రాసే కాగితం గ్రామపెద్దకు చూపించాకే పని మొదలుపెట్టారు. పాప ఒంటరిగా నడిచే షాట్‌లో ఇంకో చిక్కు. ఒక్క టేకు తీస్తే చాలు, ఇసుక నిండా అడుగులు. ఒక ముసలమ్మ ఎవరూ అడగకుండానే ఈతచీపురు తెచ్చి, వెనక్కి వెనక్కి నడుస్తూ తన అడుగులు కూడా పడకుండా ఊడ్చింది. ఆరు టేకులకు ఆరుసార్లు ఊడ్చింది.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది శబ్దం. ఎండ ఎక్కేకొద్దీ సముద్రపు గాలి పెరుగుతుంది, ఆ గాలి నేరుగా కాలరు మైకులోకి కొడుతుంది. మొదటి ఉదయం రికార్డు చేసిన మాటలన్నీ ఎవరో గోనెసంచి చింపుతున్నట్టు వినిపించాయి. పాత టెడ్డీ బొమ్మ బొచ్చుగుడ్డ కత్తిరించి మైకుకు తొడుగు కుట్టారు. చాలావరకు పనిచేసింది. అప్పటికీ గాలి వినిపించిన చోట, షాట్ అయిన వెంటనే నటుల్ని కారులో కూర్చోబెట్టి, అద్దాలు ఎక్కించి, చుట్టూ దుప్పట్లు కప్పి, అదే ఊపులో అవే మాటలు మళ్లీ చెప్పించారు. రోజులు గడిచాక డబ్బింగ్ చెబితే ఆ గొంతు రాదు. చెమటలు కారుతున్నా ఎవరూ విసుక్కోలేదు. మాటలేమీ లేకుండా ఒట్టి ఒడ్డు శబ్దాన్ని కూడా ఒక్కో చోట ఒక నిమిషం చొప్పున రికార్డు చేసుకున్నారు. ఎడిటింగ్‌లో అతుకులు కప్పింది అదే.

మూడో రోజు కెమెరా మెమరీ కార్డు పొరపాటున చెరిగిపోయింది. ఒక ఉదయం పనంతా అందులో ఉంది. ఎవరి చేతిలో జరిగిందో పిల్లలు ఈ రోజుకీ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ కార్డు మీద మళ్లీ ఏదీ రికార్డు చేయకుండా వెంటనే పక్కన పెట్టడం వల్ల, సాఫ్ట్‌వేర్‌తో ఎక్కువ భాగం తిరిగి వచ్చింది. ఇద్దరు చూసి, రెండు చోట్ల కాపీ అయిందని సంతకం చేస్తేనే కార్డు ఖాళీ చేయాలని ఆ రాత్రే నియమం పెట్టుకున్నారు. ఆ నోటుబుక్కు సంఘం కార్యాలయంలో ఉంది. మన గ్రంథాలయం రిజిస్టరు కంటే శుభ్రంగా ఉంది.

చిత్రాన్ని మొదట ఆ ఊళ్లోనే, జూన్ 14 సాయంత్రం, రామాలయం గోడకు తెల్లదుప్పటి కట్టి చూపించాం. అర్ధరాత్రితో నిషేధం ముగుస్తుంది. మగవాళ్లలో సగం మంది చివరి దాకా కూర్చోలేదు, పడవల్లోకి ఐసు, డీజిలు ఎక్కించాలి. తండ్రిగా చేసినాయన తాను మాట్లాడే చోటు వరకు నిలబడి చూసి, వల భుజాన వేసుకుని వెళ్లిపోయారు. ఆయన కూతురు మాత్రం తెర ముందు నుంచి కదలలేదు. చిత్రం అయిపోయాక మళ్లీ మొదటి నుంచి వేయమంది. వేశాం.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు మీ ముందు పెడుతోంది. కెమెరా కొనాలని కొందరు సభ్యులు సూచించారు. నా అభిప్రాయం వేరు. కెమెరా అద్దెకు దొరుకుతుంది, ఫోను కూడా సరిపోతుంది. ముందు రెండు మంచి మైకులు, గాలి తొడుగులు, ఒక హార్డ్ డిస్కు కొనాలి. రెండోది, ఏ కథ ఒప్పుకున్నా నెల రోజుల ముందు ఇద్దరు పిల్లలు, ఒక పెద్దాయన ఆ ఊరికి వెళ్లి, అక్కడివాళ్లకు కథ చదివి వినిపించి రావాలి. అందుకు వారం రోజులు మోటారు సైకిల్ ఇవ్వగలిగిన సభ్యులు ఈ సమావేశం ముగిసేలోగా నా దగ్గర పేరు రాయించండి.

కార్యదర్శి