పూలమ్మే పెద్దమ్మను ఠాణాకు పిలవకండి
నల్లగొండ జిల్లా పోలీసు సూపరింటెండెంట్ గారికి,

అయ్యా,

కొన్నేళ్ల క్రితం ఒక బస్టాండులో ఒకడు కత్తి తీసి ఒక యువకుడి మీద పడినప్పుడు, అక్కడున్న వాళ్లమంతా నిలబడి చూశాము. కాళ్లు కదలలేదని నాకు నేను ఎంత సర్దిచెప్పుకున్నా సిగ్గు పోలేదు. పూలమ్ముకునే ఒక పెద్దమ్మ మాత్రం బిందెడు నీళ్లు వాడి ముఖాన కుమ్మరించి కేకలు పెట్టింది, ఆ అదనులో యువకుడు తప్పించుకున్నాడు. (ఆ సమయంలో ఫోనులో వీడియో తీసినవాడు పిరికివాడో, సాక్ష్యం కూర్చినవాడో నాకు ఇప్పటికీ తేలలేదు.)

ఆ తరువాత ఆమె సాక్షిగా ఠాణా చుట్టూ తిరిగి ఎన్నో రోజుల బేరం పోగొట్టుకున్నది. పక్కకు తప్పుకున్న మాకు పైసా నష్టం లేదు.

2024 జులై 1 నుంచి అమలులో ఉన్న నేరాలు, శిక్షల చట్టమైన భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్ ఇతరుల శరీరాన్ని కాపాడే హక్కును కూడా గుర్తించింది. నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం సాక్షిగా విచారించేందుకు మహిళను ఆమె నివాసానికి కాక మరో చోటికి రమ్మనకూడదు. అదే చట్టం 398వ సెక్షన్ సాక్షుల రక్షణ పథకం రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఈ మూడింటినీ నల్లగొండ గడియారం సెంటర్లో, మిర్యాలగూడ, దేవరకొండ బస్టాండ్లలో తెలుగులో రాయించి పెట్టించాలనీ, ప్రతి ఠాణాలో పాటింపజేయాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఆ రోజు కదలని ఒక పౌరుడు