ప్రకటనలో ఆ నంబరు ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం. మీ పత్రికలో వచ్చే స్థలాల ప్రకటనల్లో ఉండవలసిన రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) నమోదు నంబరు గురించి రాస్తున్నాను.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట బల్ల వేసుకుని 31 సంవత్సరాలు దస్తావేజులు రాశాను. చూపు తగ్గి నేను పని మానేసినా జనం అడగడం మానలేదు. ఉదయం కొర్లగుంటలో టీ అంగడి దగ్గర కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు చంకలో కాగితాల కవరు పెట్టుకుని వస్తారు. అడిగేవి దాదాపు ఒకటే రకం. రేటు పెరుగుతుందా? అలిపిరికి ఎంత దూరం? విమానాశ్రయానికి ఎన్ని నిమిషాలు? నాకు జోస్యం రాదనీ, రేణిగుంట రోడ్డు రద్దీ నాకంటే వాళ్లకే బాగా తెలుసనీ చెప్పి పంపిస్తుంటాను.

పోయిన వారం వచ్చిన ఆర్టీసీ విశ్రాంత కండక్టరు మాత్రం మీ పత్రిక ఆదివారం పేజీనే కత్తిరించి తెచ్చాడు. ఒక వెంచరు ప్రకటన. స్వాగత తోరణం, కొబ్బరిచెట్లు, ఉయ్యాల ఊగుతున్న పాప. కింద మూలన ‘తుడా ప్రపోజ్డ్’ అని ఉంది. తుడా అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ. “తుడా వాళ్లది ఉంది కదా స్వామీ” అన్నాడు. ప్రపోజ్డ్ అంటే దరఖాస్తు పెట్టి ఉండవచ్చు, ఇంకా పెట్టకపోనూ వచ్చు. లేఅవుట్ మంజూరైతే దానికి ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు ఉంటుంది, దాన్ని పట్టుకుని తుడా కార్యాలయంలో విచారించుకోవచ్చు. ఆయనకు ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు. ముప్పై అంకణాలకు (మా ఊళ్లో అంకణం అంటే 36 చదరపు అడుగులు) అప్పటికే యాభై వేలు అడ్వాన్సు ఇచ్చేశాడు.

ఆయన తెచ్చిన లింకు దస్తావేజుల (ఆ స్థలం అంతకుముందు చేతులు మారిన కాగితాల) నకళ్లు తిరగేస్తుంటే 1994 నాటిది ఒకటి బయటపడింది. చూస్తే నా చేతిరాతే! చెక్కుబందీలో, అంటే నాలుగు హద్దుల వివరంలో, ‘తూర్పు: వంక పోరంబోకు’ (వాగు పారే ప్రభుత్వ స్థలం) అని నేనే రాశాను. ఇప్పుడు రిజిస్ట్రేషనుకు సిద్ధం చేసిన ముసాయిదాలో అదే హద్దు ‘తూర్పు: 30 అడుగుల రోడ్డు’ అయింది. వంక ఎటు పోయిందో నేనెరుగను. 2021 నవంబరు వానలకు మన వీధుల్లోకి నీళ్లు ఎందుకు అలా ఎక్కివచ్చాయని ఇప్పటికీ అడుగుతుంటారు. అలాంటి వాళ్లకు ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించాలనిపించింది.

“ఈసీ శుభ్రంగా ఉంది కదా” అన్నాడాయన. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో కనిపించేది రిజిస్టరైన లావాదేవీ మాత్రమే. రిజిస్టరు కాని అగ్రిమెంటు, కోర్టులో నడుస్తున్న దావా, ఇంట్లో పెట్టెలో ఉన్న వీలునామా అందులోకి రావు. రిజిస్ట్రేషను జరిగినంత మాత్రాన అమ్మినవాడికి హక్కు ఉన్నట్టూ కాదు. సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషను చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో కూడా చూసుకోవాలి. ఇన్నేళ్లు ఆ గుమ్మం ముందే కూర్చున్నవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొన్న ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, ఇళ్ల మధ్య లాడ్జి లేస్తోందని, సెల్లారులో పార్కింగుకు బదులు దుకాణాల షట్టర్లు బిగిస్తున్నారని చెప్పుకున్నారు. పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మంజూరైన ప్లాను నకలు అడగమన్నాను. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. కాగితం చేతికి వచ్చాక మాట్లాడితే మాటకు బరువుంటుంది.

అసలు మీకు రాయవలసినది ఇప్పుడు రాస్తాను. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ వచ్చే ప్రాజెక్టును అమ్మకానికి ముందే నమోదు చేయించాలి. ప్రకటన ఇస్తే అందులో ఆ నమోదు నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా స్పష్టంగా ఉండాలి. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ప్రకటనలో అబద్ధాన్ని నమ్మి నష్టపోయినవారికి పరిహారం, సొమ్ము వడ్డీతో సహా వాపసు పొందే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. కండక్టరుగారి యాభై వేలు తిరిగి వస్తాయన్న నా ఆశ అంతా ఆ హక్కు మీదే.

పోయిన ఆదివారం మీ పేజీలో స్థలాల ప్రకటనలు లెక్కపెట్టాను, మొత్తం ఏడు. రెరా నంబరున్నవి రెండు. ఆ రెండింటిలో ఒకదానికి నా మనవడి చేత భూతద్దం తెప్పించుకున్నాను. మిగిలిన అయిదింటిలో ఉన్నది గోపురం బొమ్మ, ఫోను నంబరు. వెంచరు వాళ్లు రాయకపోతే, డబ్బు తీసుకుని అచ్చువేసే మీరైనా ఆ నంబరు అడిగి తీసుకోవచ్చు కదా? నంబరు లేని ప్రకటనను వెనక్కి పంపితే మీకు ఒక వారం ఆదాయం తగ్గుతుందేమో. కండక్టరుగారికి అది పదవీ విరమణ డబ్బు.

ఇట్లు
ఒక విశ్రాంత దస్తావేజు లేఖరి
కొర్లగుంట, తిరుపతి