మంత్రి గారూ, ఆ కథలను కథల అరలోనే పెట్టించండి

గౌరవనీయులైన తమిళనాడు పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రజా గ్రంథాలయాలు మీ శాఖ కిందే ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం మీకు. తమిళం గడగడా మాట్లాడతాను, రాయడం మాత్రం రాదు. సూళ్లూరుపేట నుంచి ఉద్యోగానికని వచ్చి పన్నెండేళ్లు పెరంబూరులో ఉండి కూడా నేర్చుకోకపోవడం నా బద్ధకమే, మన్నించండి. మీ ఆఫీసులో తెలుగు చదవగలిగేవాళ్లు ఒక్కరైనా ఉండకపోరు. ఇది చెన్నై కదా.

నేను గే. గే ప్రేమకథలు చదువుతాను. ఆ మాట వినగానే చాలామంది మొహం ఎటు పోతుందో తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను, అవి బూతు కథలు కావు. పది పన్నెండు పేజీల చిన్న కథలు. నాకు నచ్చేవాటిలో పెద్దగా ఏమీ జరగదు. ఒకడికి జ్వరం వస్తుంది, ఇంకొకడు మిరియాల చారు పెడతాడు. గిన్నెలు ఎవరు తోమాలని గొడవ. ఒకడి చెల్లెలికి అనుమానం వస్తుంది, అయినా ఏమీ అడగకుండా ఇద్దరికీ కాఫీ తెచ్చి ఇస్తుంది. కథ అయ్యేసరికి ఇద్దరూ బతికే ఉంటారు. ఈ చివరి సంగతి మీకు చిన్నదిగా అనిపించొచ్చు. సినిమాలో మేం కామెడీ, పేపర్లో ఆత్మహత్య. ఆ రెండూ కాని మనుషులు కథలోనే నాకు మొదట కనిపించారు.

చిన్న కథలే ఎందుకంటే, మాకు నవల చదివే వసతి లేదు. నేను బాబాయి వాళ్ల మేడ మీద గదిలో ఉంటాను. బాబాయి ఇక్కడి రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో చేసి రిటైరయ్యారు. పిన్ని చాలా మంచిది, ఆ మంచితనంతోనే రోజూ పొద్దున వచ్చి నా పక్క సర్ది, దిండు కింద ఏముంటే అది తీసి బల్ల మీద పెట్టి వెళుతుంది. మూడు వందల పేజీల పుస్తకాన్ని ఎక్కడ దాచను? అందుకని ఫోనులో చదువుతాను. పెరంబూరులో లోకల్ ఎక్కితే వ్యాసర్పాడి జీవా, బేసిన్ బ్రిడ్జి దాటి సెంట్రల్ చేరేలోపు ఒక కథ అయిపోతుంది. బేసిన్ బ్రిడ్జి దగ్గర సిగ్నల్ పడిందంటే అందరూ విసుక్కుంటారు. నేను మాత్రం ఆఖరి పేజీ నిదానంగా చదువుకుంటాను.

అయితే ఫోనులో దొరికేవి ఎక్కువగా ఇంగ్లీషు కథలు. మంచు కురుస్తుంటుంది, పొయ్యి ముందు ఇద్దరు కూర్చుని వైన్ తాగుతుంటారు. చదవడానికి బాగుంటాయి, కాదనను. కానీ ఆ కుర్రాళ్లలో ఎవడికీ మేనమామ కూతురితో సంబంధం ఖాయం కాదు. ఎవడూ అద్దె ఇంటికి వెళ్లి ‘ఇద్దరూ బ్యాచిలర్సేనా’ అని అడిగించుకోడు. మన దగ్గర ఇలాంటివి ఎవరూ రాయలేదనీ కాదు. కన్నడంలో వసుధేంద్ర ‘మోహనస్వామి’ కథలు 2013లోనే వచ్చాయి. అనువాదంలో చదివాను, రెండు కథల దగ్గర ఆగి మళ్లీ మొదటి నుంచి చదివాను. మన ఊళ్లోనే క్వీర్ చెన్నై క్రానికల్స్ వాళ్లు 2018లో క్వీర్ సాహిత్యానికని, అంటే మాలాంటివాళ్ల కథలకూ రాతలకూ, ఒక లిట్‌ఫెస్ట్ పెట్టారు. రాసేవాళ్లు, వేసేవాళ్లు ఉన్నారు. లేనిది లైబ్రరీలో అరే.

పోయినేడాది మాకు దగ్గరున్న ఒక శాఖా గ్రంథాలయంలో, పాఠకులు కావలసిన పుస్తకాలు రాసే రిజిస్టరులో మూడు పేర్లు రాశాను. రెండు తమిళం, ఒకటి తెలుగు. లైబ్రేరియన్ అమ్మ కళ్లజోడు పైకి జరిపి చదివి, ‘స్కూలు పిల్లలు వచ్చే చోటు కదా తంబీ’ అన్నారు. కోపంగా కాదు, నా మీద జాలితోనే అన్నారు. ఆమె వెనకాల ర్యాకు నిండా పాకెట్ నవలలు, అట్టల మీద హీరో హీరోయిన్లు ముక్కులు రాసుకుంటున్నారు. వాటిని చూసి పిల్లలు చెడిపోయినట్టు ఇప్పటిదాకా ఫిర్యాదు రాలేదేమో. ఇంకో లైబ్రరీలో ఇలాంటి కథల పుస్తకం ఒకటి నిజంగానే దొరికింది. సంతోషంతో ఎక్కడుందా అని చూస్తే, సైకాలజీ అరలో, తాగుడు మాన్పించే పుస్తకం పక్కన. ప్రేమకథను తీసుకెళ్లి జబ్బుల మధ్య పెట్టారు. సర్దినవాళ్లు అట్ట మీద మాట చూసి పెట్టి ఉంటారు, లోపల తెరిచి ఉండరు.

మాట సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మా తెలుగు పేపర్లు మమ్మల్ని ‘స్వలింగ సంపర్కులు’ అని రాస్తాయి, పొద్దున లేచింది మొదలు మాకు ఇంకో పనే లేనట్టు. ఈ విషయంలో మీ రాష్ట్రం నయం. 2021లో ఒకరినొకరు ప్రేమించుకుని మదురై నుంచి చెన్నైకి వచ్చేసిన ఇద్దరు అమ్మాయిల కేసులో మద్రాసు హైకోర్టు జడ్జి జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్, తనకు ఈ సంగతి సరిగ్గా తెలియదని ఒప్పుకుని, ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకుని మరీ ఉత్తర్వులిచ్చారు. ఆ కేసు నుంచే మాలాంటివాళ్లను పిలవడానికి మర్యాదైన తమిళ మాటల పట్టిక తయారై, 2022లో గెజిట్‌లో వచ్చింది. మాటలు మీ దగ్గర సిద్ధంగా ఉన్నాయి, వాటిని లైబ్రరీ కేటలాగులోకి ఎక్కించడమే మిగిలింది. కథల సంపుటిలో ఏ కథ దేని గురించో కేటలాగు మామూలుగా చెప్పదు. పేరు తెలిసినవాడికే పుస్తకం దొరుకుతుంది, నాలాంటివాడికి పేరు తెలిసే దారే ఉండదు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో ఎక్కడ పుస్తకం అచ్చయినా ఒక ప్రతి ఎగ్మూరులోని కన్నెమరా లైబ్రరీకి రావాలి. అంటే విజయవాడలో వేసిన తెలుగు కథలూ అక్కడికి చేరాలి. ఆ గుట్టలో నా కథ ఏదో వెతుక్కోవడానికి ఒక్క మాట చాలు.

గ్రంథాలయాల చట్టం 1948లోనే తెచ్చుకున్న రాష్ట్రం మీది. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అందాలని 1931లో రాసిన రంగనాథన్ గారు మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియనే. అతని పుస్తకం అన్నారు, అందరికీ నచ్చే పుస్తకం అనలేదు. ఆస్తి పన్నుతో పాటు లైబ్రరీ సెస్సు మా బాబాయీ కడుతున్నారు, ఆయన ఇంటి అద్దెలో నేనూ కడుతున్నాను.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. పుస్తకాలు కొనే కమిటీకి ఈ కథలను ‘వివాదం’ అని పక్కన పెట్టొద్దని చెప్పండి. పలచటి పుస్తకాలైనా కొనమనండి. తమిళంతో పాటు, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పెరంబూరు లాంటి చోట్లకు తెలుగువీ పంపండి. పెద్దవాళ్ల కథల అరలో, అక్షరక్రమంలో మిగతా కథల మధ్యే పెట్టించండి. విడిగా బీరువా, దానికి తాళం, తాళం కోసం లైబ్రేరియన్ ముందు నిలబడటం వద్దు. అంతకంటే పుస్తకం లేకపోవడమే నయం. నేను ఇంటికి తీసుకెళ్లను కూడా. కిటికీ పక్క బెంచీ మీద అరగంట కూర్చుని ఒక కథ చదివి, ఎక్కడ తీశానో అక్కడే పెట్టేసి వెళతాను.

ఆ రిజిస్టరులో నేను రాసిన మూడు పేర్లూ మొన్నటిదాకా ఉన్నాయి. పక్కన ‘పరిశీలనలో’ అని పెన్సిలుతో రాసి ఉంది. ఎవరైనా రబ్బరు పెట్టేలోపు ఒకసారి తెప్పించుకుని చూడండి.

ఇట్లు,
పెరంబూరు నుంచి ఒక తెలుగు పాఠకుడు