వరి మడిలో నీటిపై అపోహలు తొలగాలి

సంపాదకుల వారికి నమస్కారం.

యాసంగి నాట్లు మొదలైన దగ్గర నుంచి మా ప్రాంత రైతుల ఫోన్లలో రెండు రకాల సందేశాలు తెగ తిరుగుతున్నాయి. వరి పొలాల వల్ల భూమి వేడెక్కుతుందన్నది మన చేత అన్నం మాన్పించడానికి విదేశాలవాళ్లు అల్లిన కట్టుకథ అని ఒకటి, వరి సాగే వాతావరణానికి చేటు కాబట్టి అన్నం తినడం మానాలని మరొకటి. వ్యవసాయ శాఖలో 28 ఏళ్లు విస్తరణాధికారిగా పనిచేసి, ఇప్పుడు సాగర్ ఎడమ కాలువ కింద రెండున్నర ఎకరాల్లో వరి పండించుకుంటున్నవాణ్ణి కనుక, ఈ రెండూ తప్పేనని చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

దమ్ము చేసి నెల రోజులుగా నీరు నిలిచిన మడిలో కాలు మోపితే, మడమ చుట్టూ బురదలోంచి బుడబుడమని బుడగలు పైకి రావడం వరి రైతులందరూ చూసిందే. ఆ బుడగల్లో మీథేన్ వాయువు ఉంటుంది. పైన నీరు కప్పేయడంతో మట్టికి గాలి అందదు. గాలి లేని చోటే బతికే సూక్ష్మజీవులు కుళ్లిన కొయ్యకాళ్లను, వేళ్ల నుంచి ఊరే పదార్థాలను వాడుకుని మీథేన్‌ను తయారుచేస్తాయి. బుడగలుగా కంటికి కనిపించేది కొంతే, చాలా భాగం వరి మొక్కలోని సన్నని గాలి నాళాల గుండా పైకి పోతుంది. వందేళ్ల లెక్కన చూస్తే ఒక కిలో మీథేన్ 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడిని పట్టి ఉంచుతుంది. మనుషుల పనుల వల్ల వెలువడే మీథేన్‌లో వరి పొలాల వాటా సుమారు 8 శాతం. ఇది కట్టుకథ కాదు. అలాగని బొగ్గు, పెట్రోలు, డీజిల్ మండించడంతో పోల్చితే ఇది చాలా చిన్నది. వేడి పెంచే వాయువుల మొత్తం ఉద్గారాల్లో వరి వాటా ఒకటి రెండు శాతానికి మించదు. అన్నం తినేవారిని దోషులుగా నిలబెట్టడం అన్యాయం.

అసలు చిక్కు మడిలో నీరు ఎడతెగకుండా నిలవడంలో ఉంది. వరి నీటిని ఓర్చుకునే మొక్కే గాని నీటి మొక్క కాదు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం, తక్కువ నీటితో సాగు చేసే శ్రీ వరి పద్ధతిని పొలాల్లోకి తెచ్చినప్పుడే ఈ మాట రైతులకు చెప్పాం, కానీ ఎంత నీరుంటే అంత పంట అన్న నమ్మకం ఇప్పటికీ పోలేదు. నేను మూడు పంటలుగా తడి-పొడి పద్ధతి పాటిస్తున్నాను. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి చుట్టూ రంధ్రాలు పెట్టి, సగం మట్టిలోకి దించి, లోపలి మట్టి తీసేస్తాను. నాటిన రెండు వారాల తర్వాత నుంచి, గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడే మళ్లీ తడి ఇస్తాను. పూతకు వారం ముందు నుంచి పూత ముగిసిన వారం దాకా మాత్రం నీరు తగ్గనివ్వను. మొదటి పంటలో సన్నని నెర్రెలు చూసి పక్క పొలం రైతు "సారూ, పొలం ఎండగొడుతున్నరా?" అని కంగారుపడ్డారు. కలుపు ఒకసారి ఎక్కువ తీయించవలసి వచ్చింది గాని దిగుబడి తగ్గలేదు. ఈ పద్ధతిలో నీరు 30 శాతం వరకు ఆదా అవుతుందని, మీథేన్ దాదాపు సగానికి తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అయితే చౌడు నేలల్లో, ఇసుక నేలల్లో ఇది పనికిరాదు. యూరియా మోతాదు మించితే, ఆరిన మడి నుంచి మీథేన్ కంటే పది రెట్లు తీవ్రంగా వేడి పెంచే నైట్రస్ ఆక్సైడ్ వాయువు వెలువడుతుందన్నది కూడా మరవకూడదు.

గడ్డి కాలిస్తే బూడిద ఎరువవుతుందన్నది ఇంకో అపోహ. బూడిదలో పొటాష్ మిగులుతుంది గాని నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది, సేంద్రియ పదార్థం కాలిపోతుంది. అలాగని గడ్డిని నీళ్ల మడిలో కలియదున్నినా మీథేన్ పెరుగుతుంది కాబట్టి, కోత అయిన వెంటనే నేల పొడిగా ఉండగానే దున్నడం మేలు.

కార్బన్ డయాక్సైడ్ మొక్కలకు ఆహారమే కదా, పెరిగితే మంచిదే అని వాదించేవారూ ఉన్నారు. కానీ దాంతో పెరిగే వేడి పంటను దెబ్బతీస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో 1992 నుంచి 2003 వరకు నమోదైన దిగుబడి లెక్కల ప్రకారం, ఎండాకాలపు పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం తగ్గింది. పూత దశలో ఎండ 35 డిగ్రీలు దాటితే గింజ తాలు పోతుందని మన యాసంగి రైతులకు వేరే చెప్పనక్కర్లేదు.

రైతు నీరు నిలబెట్టుకోవడం మొండితనం వల్ల కాదు. కాలువ చివరి భూముల్లో ఉన్నవాడికి నీరు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు, అందుకే వచ్చిన రోజే గట్టు అంచు దాకా పెట్టుకుంటాడు. నీటి పారుదల శాఖ వారబందీ తేదీలను, అంటే వంతులవారీగా కాలువ నీరు వదిలే తేదీలను, నాట్లకు ముందే ప్రకటించి, చివరి తూము దాకా ఆ తేదీల ప్రకారమే నీరు అందించాలి. మీ పత్రిక కూడా ఆ తేదీలను జిల్లా పేజీలో ప్రతి వారం ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి,
హుజూర్‌నగర్, సూర్యాపేట జిల్లా