మెడ పట్టీ ముందు నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కుట్టు శిక్షణకు వెళ్లే ఆడవాళ్లు కొలతలు, కత్తిరింపు, చేతులు ఎక్కించడం దాకా బాగానే పట్టుకుంటున్నారు. చిక్కంతా జాకెట్టు మెడ దగ్గరే. ముడతలు పడుతుంది, లేదా అంచు ఒంటికి ఆనకుండా లేచి నిలబడుతుంది, లేదా లోపలి పట్టీ, అంటే మెడ అంచుకు లోపలివైపు మడిచి కుట్టే గుడ్డ పీలిక, బయటికి కనబడుతుంది. ఇంకా చేయి తిరగలేదని వాళ్లు సరిపెట్టుకుంటున్నారు గానీ ఈ మూడింటికీ కారణాలు వేరు, మొదటి వారంలోనే చెప్పదగ్గవి. కుట్టు మీద నాలుగు డబ్బులు సంపాదించాలనుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. జాకెట్టు చేతికివ్వగానే ఎవరైనా ముందు చూసేది మెడే.

ముడతలకు మూలం పట్టీ గుడ్డ. మిగిలిన ముక్కలోంచి నిలువుగా ఒక పీలిక కోసి వేసేస్తున్నారు. గుండ్రటి మెడకు అది పనికిరాదు. అర అంగుళం పట్టీ లోపలికి మడిగినప్పుడు, కుట్టు పడిన అంచుకన్నా లోపల పరుచుకునే అంచు పెద్ద చుట్టు తిరగాలి. పూర్తి గుండ్రటి మెడయితే ఆ తేడా 3 అంగుళాల పైమాటే. నిలువు పోగు సాగదు కాబట్టి పట్టీ మెడను లాగేస్తుంది. ఐమూలగా, అంటే పోగులకు ఏటవాలుగా, కోసిన పట్టీ అయితే సాగి ఆ తేడాను తానే సర్దుకుంటుంది. అడ్డపోగు నిలువు పోగు మీద పడేలా గుడ్డ మూల మడిచి, ఇస్త్రీ చేసి, ఆ గీత వెంబడి అంగుళం వెడల్పున కోయాలి. 18 అంగుళాల చదరపు ముక్కలో మూల నుంచి మూలకు దాదాపు 25 అంగుళాల పట్టీ వస్తుంది. చాలకపోతే అతుకు కూడా ఏటవాలుగానే వేయాలి. తిన్నగా అతికితే మందమంతా ఒకేచోట చేరి ఉబ్బుగా తేలుతుంది. లైనింగ్ గుడ్డతో పట్టీ వేసేవాళ్లు కోయకముందే దాన్ని నానబెట్టి ఆరేయాలి. లేకపోతే బాగా కుదిరిన మెడ కూడా మొదటి ఉతుకులోనే ముడుచుకుంటుంది.

మెడ వంపు కూడా ఐమూలే, అదీ సాగుతుంది. అందుకే కత్తిరించిన వెంటనే అంచుకు 1/8 అంగుళం లోపలగా ఒంటి కుట్టు వేసి ఉంచాలి. ఒక్కో భుజం నుంచి మధ్యకు రావాలి గానీ ఒక భుజం దగ్గర మొదలుపెట్టి చుట్టూ లాక్కుపోతే మెడ ఒక పక్కకు వంకరపోతుంది.

పట్టీ కుట్టడానికి పావు అంగుళం మార్జిన్ (కుట్టుకూ అంచుకూ మధ్య వదిలే గుడ్డ) చాలు. వంపులో పట్టీని కొంచెం లాగి పట్టాలి, జాకెట్టు గుడ్డను మాత్రం లాగకూడదు. లాగడం ఎక్కువైతే మెడ ముడుచుకుంటుంది, అసలు లాగకపోతే ముందుకు వాలుతుంది. ఎంత లాగాలో నోటితో చెప్తే రాదు, పాత చీర ముక్కల మీద పది మెడలు కుడితే వేళ్లకే తెలుస్తుంది.

ఆపైన మార్జిన్‌లో కత్తెరతో గాట్లు. వంపు పొడవునా అర అంగుళానికొకటి, కుట్టుకు ఒకటి రెండు పోగుల దూరం దాకా పడాలి. భయపడి పైపైన పెడితే మార్జిన్ విచ్చుకోదు, అంచు దళసరిగా లేస్తుంది. గాటు లోతై కుట్టు తెగిందా, ఉతికేసరికి అక్కడ చిల్లే. వెంకటగిరి నూలు లాంటి పల్చని గుడ్డయితే మార్జిన్ నీడ పైకి కనబడుతుంది, దాన్ని ముందు సగానికి కత్తిరించుకోవాలి.

శిక్షణలో తరచూ వదిలేసే కుట్టు ఇంకొకటుంది. పట్టీని విప్పి, మార్జిన్లు రెండూ పట్టీ వైపే తోసి, అతుకు పక్కనే పట్టీ మీద మాత్రం కుట్టాలి. రెండు నిమిషాల పని. ఇది పడితే పట్టీ తనంతట లోపలికే మడుగుతుంది, పడకపోతే ఎంత ఇస్త్రీ చేసినా బయటికి వస్తుంది. ఆ ఇస్త్రీ కూడా రుద్దకూడదు, అద్ది ఎత్తాలి. చివర పావు అంగుళం మడిచి చేత్తో హెమ్మింగ్ చేసేటప్పుడు సూదికి పైగుడ్డ పోగు ఒకటో రెండో తగిలితే చాలు, దారం బిగించొద్దు.

శిక్షకులకు మా మనవి ఒకటే. జాకెట్టు కత్తిరింపు కన్నా ముందు మెడ పట్టీని విడిగా, పాత గుడ్డ మీద నేర్పండి. మీ పత్రిక మహిళల పేజీలో ఎంబ్రాయిడరీ డిజైన్లతో పాటు ఈ కుట్ల బొమ్మలు కూడా గీయించి వారానికొక మెడ వేయండి. గుండ్రటి మెడతో మొదలుపెట్టండి. చదరపు మెడలో గాటు సరిగ్గా మూల కొనదాకా పడాలి కాబట్టి, కొత్తవాళ్లకు దాన్ని తర్వాతే ఇవ్వాలి.

ఇట్లు,
కొందరు మహిళా దర్జీలు,
కావలి, నెల్లూరు జిల్లా