అల్లిక నమూనాలు తెలుగులో అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

26 ఏళ్ల తర్వాత ఈ చలికాలంలో నేను మళ్లీ ఊలు అల్లిక మొదలుపెట్టాను. ఉద్యోగం, పిల్లల చదువుల మధ్య అటకెక్కిన సూదులు, పదవీ విరమణ తర్వాత ఇల్లు సర్దుతుంటే ట్రంకుపెట్టెలో దొరికాయి. కుట్లు ఎలా వేసుకోవాలో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు గానీ, ఊలు వేలికి చుట్టుకోగానే చేతులు వాటంతటవే కదిలాయి. మా అమ్మగారు చిక్కడపల్లిలో ఇరుగుపొరుగు వారి దగ్గర నేర్చుకుని, 'రెండు సీదా, రెండు ఉల్టా' అంటూ మాకు నేర్పారు. నా వేళ్లకు ఇప్పటికీ ఆ మాటలే తెలుసు.

నమూనా మాత్రం గుర్తులేదు. పుట్టబోయే మనవరాలికో మనవడికో టోపీ అల్లాలని ఇంటర్నెట్టులో వెతికి, ఎనిమిదో నంబరు సూదులు వాడమన్న ఒక అమెరికా నమూనాను నా దగ్గరున్న ఎనిమిదో నంబరు సూదులతో అల్లాను. మూడు రోజులు కూర్చుని పూర్తిచేసిన ఆ టోపీ, బిడ్డ పుట్టాక తలకు పట్టనే లేదు. మనకు అలవాటైన బ్రిటిష్ లెక్కలో ఎనిమిదో నంబరు సూది మందం 4 మిల్లీమీటర్లనీ, అమెరికా లెక్కలో అదే నంబరు 5 మిల్లీమీటర్లనీ ఆ తర్వాతే తెలిసింది. నంబరు పెరిగేకొద్దీ మన సూది సన్నబడుతుంది, వాళ్ల సూది లావవుతుంది. నాలాగే ఇన్నేళ్లకు మళ్లీ సూదులు పట్టినవారు ఇక్కడే పొరబడి, చేత కావడం లేదని మానేస్తారేమోనని నా బాధ.

ఒకప్పుడు తెలుగు వారపత్రికల్లో మహిళల శీర్షికల్లో అల్లిక నమూనాలు వచ్చేవి. మీ ఆదివారం అనుబంధంలో నెలకొక నమూనాకైనా చోటివ్వాలని కోరుతున్నాను. అందులో సూది మందం మిల్లీమీటర్లలో ఉండాలి. 10 సెంటీమీటర్ల వెడల్పుకు ఎన్ని కుట్లు రావాలో కూడా తప్పక ఉండాలి, ఎందుకంటే అదే ఊలు, అదే సూది అయినా ఒకరు బిగించి అల్లితే మరొకరు వదులుగా అల్లుతారు. ముందుగా చిన్న ముక్క అల్లి కొలుచుకుంటే 10 సెంటీమీటర్లకు నాకు 22 కుట్లు వచ్చాయి. ఆ లెక్కన 72 కుట్లు వేసుకుంటే చుట్టుకొలత సుమారు 33 సెంటీమీటర్లు అవుతుంది. రెండో టోపీ అలాగే అల్లాను, అది పాపకు చక్కగా సరిపోయింది.

హైదరాబాద్ చలికి మందపాటి స్వెట్టర్లు అంతగా అక్కర్లేదు కనుక, నూలు దారంతో అల్లే నమూనాలు కూడా ఇస్తే మేలు. నూలు ఊలులా సాగి మళ్లీ దగ్గరపడదు కాబట్టి మెడ, అంచుల దగ్గర ఏమి మార్చుకోవాలో వివరించాలి.

మా అమ్మగారు స్వయంగా నమూనాలు రాసుకున్న నోటుపుస్తకం ఇటీవలే మా అక్క ఇంట్లో బయటపడింది. మీరు అచ్చు వేస్తామంటే వాటిని ఒక్కొక్కటిగా అల్లి చూసి, కొలతలు సరిచేసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చిక్కడపల్లి, హైదరాబాద్