కలుపు ఏదో చూపించి నోటీసు ఇవ్వండి: మా ఎడారి నగర మేయర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మేయర్ గారికి,

నమస్కారం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్‌ను ఆనుకుని ఉన్న మన నగరంలో తొమ్మిదేళ్లుగా సొంత ఇంట్లో ఉంటున్నాం. ఈ లేఖ తెలుగులో రాయడానికి కారణం ఉంది. మా చుట్టుపక్కల వీధుల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. నోటీసు చేతికొచ్చేదాకా ఇంటి ఆవరణ ఎలా ఉంచుకోవాలో చెప్పే నిబంధనలు ఉన్నాయనే చాలామందికి తెలియదు. వాళ్లూ చదవాలని ఇలా రాస్తున్నాను. ఇంగ్లిష్ ప్రతి మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాను.

పోయిన ఆగస్టులో మా తలుపుకు సిటీ వాళ్ల నోటీసు ఒకటి అంటించి ఉంది. 'కలుపు, ఎండిన మొక్కలు' అన్నచోట టిక్కు పెట్టారు. పది రోజుల గడువు, ఆ తర్వాత జరిమానా. ఏ మొక్క, ఇంటికి ఏ వైపు అన్న మాట లేదు. ఫొటో లేదు.

మా ఇంటి ముందు కంకర పరిచిన జాగాలో ఏపుగా పెరిగింది ఒక్కటే ఉంది, మా అత్తయ్య వేసిన తోటకూర. ఎర్ర కాడలు, అరచేయంత ఆకులు, మోకాలెత్తు వచ్చింది. నోటీసు దాని గురించేనని అందరం అనుకున్నాం. అత్తయ్యది రెంటచింతల, ఆంధ్రాలో ఎండలకు పేరుపడ్డ ఊరు. "ఎండ నాకు కొత్తా ఏంటే" అని తెల్లారకముందే చిన్న పలుగు పట్టుకుని బయటికి వెళ్లారు. ఆ వేళకే వేడి 90 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 32 సెల్సియస్. ఇక్కడి నేలలో కొంచెం లోతుకు వెళ్తే కాలిచీ అనే సున్నపు పొర తగులుతుంది, అది సిమెంటులా ఉంటుంది. మొక్కల వేళ్లు తెగుతాయి తప్ప ఊడిరావు. రెండో రోజు ఆవిడ గోడకు ఆనుకుని కూలబడిపోయారు, మళ్లీ లేవలేకపోయారు. లోపలికి తీసుకొచ్చి, తడిగుడ్డ వేసి, ఉప్పు వేసిన మజ్జిగ తాగించాం. ఆ గంట మా ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డామో మాకే తెలుసు.

నాలుగో రోజు ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో దొరికారు. మర్యాదగా మాట్లాడారు. కూరమడి మీద ఎవరికీ అభ్యంతరం లేదట. నోటీసు ఇచ్చింది మా పక్క గోడకు అవతల, కాలిబాటకూ గోడకూ మధ్య ఉన్న రెండడుగుల జాగాలో ఎండిపోయిన మొక్కల గురించి. ఆ జాగా సిటీదని తొమ్మిదేళ్లుగా అనుకుంటున్నాం. దాన్ని శుభ్రం చేయాల్సింది మేమేనని అప్పుడే తెలిసింది. ఆ మొక్క స్టింక్‌నెట్. చలికాలం వానలకు మొలిచి, వసంతంలో చిన్న చిన్న పసుపు బంతుల్లా పూస్తుంది. మార్చిలో మా పిల్లలను దాని పక్కన నిలబెట్టి ఫొటోలు తీశాను నేను. అది దక్షిణాఫ్రికా నుంచి వచ్చి ఈ ఎడారిని ఆక్రమిస్తున్న మొక్క అని, ఎండితే భగ్గున అంటుకుంటుందని, దాని పొగ గొంతుకు మంచిది కాదని నాకు ఎవరు చెప్పారు?

మేయర్ గారూ, నిబంధనలు తీసేయమని నేను అడగడం లేదు. వాటి వెనుక ప్రాణాల లెక్క ఉందని నాకు తెలుసు. 2021లో మన మారికోపా కౌంటీలో వెస్ట్ నైల్ జ్వరం దాదాపు 1,500 మందికి వచ్చింది, 101 మంది చనిపోయారు. అది దోమల వల్ల వచ్చే జబ్బు. పట్టించుకోక పచ్చగా మారిన స్విమ్మింగ్ పూల్ ఒక్కటి చాలు, వీధంతటికీ దోమలు పంచడానికి. పూల్ చుట్టూ అయిదడుగుల అడ్డు, దానంతటదే మూసుకునే గేటు ఉండాలన్న రాష్ట్ర చట్టం పసిపిల్లల కోసం. మట్టినేల మీద కారు నిలపొద్దన్నది దుమ్ము లేవకుండా. ఫీనిక్స్‌లో గడ్డి, కలుపు 6 అంగుళాలు దాటకూడదు, అదీ సబబే. కారణం తెలిస్తే మా వాళ్లు ఒక మాట ఎక్కువ చెప్పించుకోరు. కారణం ఎవరూ చెప్పరు, అదీ బాధ.

కలుపంటే ఏమిటన్నది ఇక్కడ అంత తేలిక సంగతి కాదు. పచ్చిక మైదానాల ఊళ్లలో అయితే గడ్డి ఉండాలి, తక్కినది కలుపు. ఇక్కడ గడ్డి తీసేయమని ప్రభుత్వాలే చెబుతున్నాయి. 2023లో స్కాట్స్‌డేల్ కొత్త ఇళ్ల ముందు సహజమైన పచ్చికను నిషేధించింది. మనకు నీళ్లిచ్చే కొలరాడో నదిలో నీళ్లు తగ్గాయి కాబట్టి అది న్యాయమే. మేమూ గడ్డి తీసేసి కంకర పోయించాం, ఒక పాలోవెర్డె చెట్టు నాటాం. ఏటా ఏడెనిమిది అంగుళాల వాన పడే చోట ఒక మంచి జల్లు పడితే చాలు, కంకర సందుల్లోంచి నాలుగైదు రకాలు మొలుస్తాయి. వాటిలో అడవి తోటకూర ఉంటుంది. ఇక్కడి ఆదివాసులైన ఓధామ్ ప్రజలకు అది వానాకాలపు ఆకుకూర, పత్తి రైతుకు పెద్ద శత్రువు. ఆ పక్కనే మొలిచింది అడవిపువ్వు కావచ్చు, స్టింక్‌నెట్ కావచ్చు. కొత్తగా ఇల్లు కొన్న కుర్రాడికి వాటి తేడా ఎలా తెలుస్తుంది?

దీనికి తోడు హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, పంపే ఉత్తరాలు. గోడ రంగు గురించి వాళ్లు రాసేదీ, కలుపు గురించి సిటీ రాసేదీ ఒకటేననుకుని భయంతో రెండింటికీ డబ్బు కట్టేవాళ్లను చూశాను. మొదటిది మనం సంతకం పెట్టిన ఒప్పందం, రెండోది చట్టం. హెచ్‌ఓఏతో పేచీ వస్తే రాష్ట్ర రియల్ ఎస్టేట్ శాఖకు ఫిర్యాదు చేసుకునే దారి ఉందని మా వీధిలో ఇద్దరికి కూడా తెలియదు.

నేను గట్టిగా అడిగేది మాత్రం గడువు గురించి. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీలు (43 సెల్సియస్) తాకింది లేదా దాటింది. ఆ ఏడాది మారికోపా కౌంటీలో వేడి వల్ల చనిపోయినవాళ్లు 645 మంది. 2024 మార్చిలో ఫీనిక్స్ కౌన్సిల్ తన కాంట్రాక్టర్లు పనివాళ్లను వేడి నుంచి కాపాడే ఏర్పాట్లు చేయాలని చట్టం చేసింది. చాలా మంచి పని. అదే ఆలోచన ఇంటి యజమాని మీదా ఉండాలి కదా! జులైలో పది రోజుల గడువు పెడితే, తోటమాలికి ఇచ్చేందుకు డబ్బుల్లేని ముసలావిడ ఎండలో తనే వంగుతుంది. వెంటనే మంట అంటుకునే ప్రమాదం ఉన్నదో, దోమలు పుట్టే నీళ్లో అయితే తొందరపెట్టండి, మేమే ముందుంటాం. మిగతా వాటికి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నెల గడువు ఇవ్వండి. వేసవికి ముందే, అంటే స్టింక్‌నెట్ పూతకు రాకముందు జనవరి, ఫిబ్రవరిలోనే ఇన్‌స్పెక్టర్లను వీధుల్లోకి పంపండి. అప్పుడు పీకడం తేలిక, వాతావరణమూ హాయిగా ఉంటుంది.

నోటీసుతో పాటు ఒక ఫొటో పెట్టండి, పీకాల్సిన మొక్క మీద గీత గీసి. ఇన్‌స్పెక్టర్ల దగ్గర ఫోన్లు ఎలాగూ ఉన్నాయి. కొత్తవాళ్లు ఇంటికి నీటి కనెక్షన్ పెట్టించుకున్న రోజునే, ఎక్కడిదాకా మీ బాధ్యత, ఎక్కడి నుంచి మాది అని గీసిన ఒక్క పేజీ ఇవ్వండి. గోడకు అవతలి ఆ రెండడుగులు అందులో ఉండాలి. స్పానిష్‌తో పాటు తెలుగు, హిందీల్లో కూడా వేస్తే అనువాదం చేసిపెట్టడానికి మా వీధిలో నలుగురం సిద్ధంగా ఉన్నాం, డబ్బు అక్కర్లేదు.

అత్తయ్య కోలుకున్నారు. ఒక డబ్బాలో తోటకూర విత్తనాలు దాచి ఉంచారు, మార్చిలో చల్లుతానంటున్నారు. ఇటుకలు పేర్చి మడి కట్టాలా, ఎంత ఎత్తు దాకా పెరగనివ్వొచ్చు అని నన్ను అడుగుతున్నారు. ఆవిడకు ఏం చెప్పమంటారో ఆలోపు మీ ఆఫీసు నుంచి ఒక జవాబు రాయించగలరు.

ఇట్లు,
మీ నగరంలోని ఒక ఇంటి ఇల్లాలు